రోడ్డు మీద చెప్పిన రిజల్టు

నా కడుపుల మాట దాగదు. ఇది మా అవ్వ నాకిచ్చిన సర్టిఫికెట్. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే మా ఇంట్ల ఏం కూర వండిన్రో, ఎవరి మీద ఎవరు గుస్సా అయిన్రో వాళ్లు చెప్పులు ఇడువకముందే చెప్పేస్తుంటి. పెద్దయినంక ఆ దూల తగ్గుతదనుకున్న. తగ్గలే. సదువు తోడైంది గంతే.

ఆ ఏడు సమ్మె నడుస్తుండె. తెలంగాణ ఇచ్చేదాంక బస్సులు తిరగొద్దు, బడులు తెరవొద్దు, ఆఫీసుల ఒక్క కాగితం కదలొద్దు అని అందరు పట్టు మీదున్నరు. మా బాపు ఆర్టీసీ కండక్టరు. ముప్పై ఏండ్లు కదిలే బస్సుల నిలబడ్డ మనిషి. కదలని ఇంట్ల ఆయన కాళ్లు ఆగుతయా? పొద్దుగాల్నే లేచి దీక్ష శిబిరం కాడికి పోతుండె, గంటకు ఇంటికొస్తుండె, చాయ తాగి మల్ల పోతుండె. నేను హైదరాబాదుల పీహెచ్‌డీ చేస్తున్న. హాస్టల్ మెస్ బందయ్యిందని ఒక బ్యాగు, ఒక ల్యాప్‌టాప్ పట్టుకొని ఎవరి కార్లనో ఇరుక్కొని సిద్దిపేటకొచ్చిన. ఒకే ఇంట్ల మేమిద్దరం కాలుగాలిన పిల్లుల లెక్క తిరుగుతుంటే, "ఒకరన్న కూసోండ్రి, నాకు కండ్లు తిరుగుతున్నయి" అని మా అవ్వ మొత్తుకునేది.

నా పని హెపటైటిస్ బి వైరస్ మీద. మా దిక్కు జనం పచ్చకామెర్లు అంటరు, చెట్టుమందు తాగుతరు, పథ్యం పడ్తరు. రక్తంల ఏండ్లకేండ్లు సప్పుడు జేయకుండ కూసొని కాలేయాన్ని తినే పురుగు ఇది. దీంట్ల జాతులుంటయి. ఏ, బి, సి, డి అని పేర్లు. ఒక్కో జాతికి ఒక్కో తీరు, మందుకు లొంగుట్ల గూడ ఫరకుంటది. ఏ మనిషి రక్తంల ఏ జాతి ఉందో తేల్చుడే నా పని.

"వైరస్‌ల గూడ ఆంధ్రది, తెలంగాణది ఉంటదా బిడ్డా?" అని బాపు ఆటపట్టిస్తుండె.

"ఉండదు బాపు. మన దిక్కు ఎక్కువ డి ఉంటది."

"మరి డి రాష్ట్రం అని అడిగితే జల్ది ఇస్తరేమో, శిబిరంల చెప్పాల్నా?"

అవ్వకు అర్థమయ్యేటట్టు చెప్పుడు కష్టమైంది గాని చెప్పిన. ఆ వైరస్ లోపట మూడువేల పైచిలుకు అక్షరాలు గుండ్రంగ దండ గుచ్చినట్టుంటయి. రెండు వైరస్‌ల అక్షరాలు పక్కపక్కన పరిచి చూస్తం. నూటికి ఎనిమిది కన్న ఎక్కువ తేడా కనవడితే అవి వేర్వేరు జాతులు. ఎప్పుడన్న ఒక్కసారి, ఒకే మనిషిల రెండు జాతులు దూరితే, అవి కలిసిపోయి సగం ఇది సగం అది అయిన కొత్తది పుడ్తది. సగం చీర ఒక మగ్గం మీద, సగం ఇంకో మగ్గం మీద నేసి కలిపినట్టు. దాన్ని రీకాంబినెంట్ అంటం. అది దొరికితే మాలాంటోళ్లకు పండుగే.

నాకు దొరికింది. మా పక్కింట్లనే దొరికింది.

పక్కింటోళ్లది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బకెట్లు, జగ్గులు, కుర్చీలు. ఇంటి పెద్దను నేను పెద్దమ్మ అంట. భర్త పోయినంక కొడుకును, దుకాణాన్ని రెండింటిని రెక్కల కష్టం మీద నిలబెట్టిన మనిషి. నోరు కరుకు. ఆమె కొడుకును చిన్నప్పటికెళ్లి అన్న అంటనే పెరిగిన. ఆ అన్నకు ఏడాది కింద ధూళిమిట్ట నుంచి పిల్లనిచ్చి పెండ్లి చేసిన్రు. వావికి ఆమె నాకు వదిన. వయసుల నాకంటె చిన్నది గనుక నన్ను అక్కా అని పిలుస్తది. మెల్లగ మాట్లాడ్తది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటది.

వదినకు మూడో నెల పడ్డంక దవాఖానల రక్తం చూస్తే హెపటైటిస్ బి ఉందన్నరు. అన్నకు గూడ చూసిన్రు, ఆయనకూ ఉంది. ఇగ ఇంట్ల లొల్లి మొదలైంది. "మా ఇంటా వంటా లేని రోగం, ఈమె కాలువెట్టినంకనే వచ్చింది" అని పెద్దమ్మ తీర్మానం జేసింది. వదిన కంచం వేరు, గిలాస వేరు, బట్టలారేసే తీగ వేరు. అన్న సంగతి అడగొద్దు. తల్లి ముందల ఆయన నోరు లేవదు.

సమ్మెకు జర ముందు ఇంటికొచ్చినప్పుడు నేను పోయి ఇద్దరి రక్తం అడిగిన. నా పరిశోధనకు పనికొస్తది, మీకు ఏ జాతిదో తెలుస్తది, డాక్టరుకు గూడ పనికొస్తది అన్న. వదిన సంతకం పెట్టుకుంట, "అక్కా, నా పేరు యాడన్న వస్తదా?" అని అడిగింది. "పిచ్చిదానా, ట్యూబు మీద నంబరే ఉంటది, మా సార్‌కు గూడ నీ పేరు తెల్వదు" అని నవ్విన. ఎంత భరోసాగ నవ్విన్నో ఇప్పుడు తలుసుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తది.

హాస్టల్ మూసే ముందటి రోజు రిజల్టు వచ్చింది. అన్నది సాఫ్ డి. వదినది ముందు సగం డి, ఎనుక సగం ఏ. నేను కుర్సీల నుంచి ఎగిరినంత పని చేసిన. ఉరికి పోయి మా సార్‌కు చూపెట్టిన. ఆయన అద్దాలు పైకి జరుపుకొని శానాసేపు చూసిండు.

"బాగుంది. నిజమైతే మంచి పేపరవుతది. మల్ల రక్తం నుంచి మొదలుపెట్టి చెయ్యి. రెండోసారి గూడ గిట్లనే వస్తే అప్పుడు మాట్లాడుదాం. అప్పటిదాంక ఎవ్వరికీ చెప్పకు."

"సరే సార్" అన్న. తెల్లారి ల్యాబుకు తాళం పడ్డది.

సిద్దిపేటల నా చేతుల మిగిలింది ఆ అక్షరాలే. బొగ్గు గనులు గూడ సమ్మెలున్నయి గనుక కరెంటు ఎప్పుడు పోతదో, ఎప్పుడొస్తదో ఖుదాకే ఎరుక. ఉన్నంతసేపట్ల చార్జింగ్ పెట్టుకొని అదే లెక్కను మల్ల మల్ల నడిపిస్తుంటి. దండల నుంచి రెండువందల అక్షరాల ముక్క తీసి, అది ఏ జాతికి దగ్గరుందో చూసి, జర ముందుకు జరిపి మల్ల చూసుడు. తెర మీద రెండు గీతలొస్తయి. డి గీత పైన నడుస్తుంటది. నడిమిట్లకు రాంగనే ధడేల్మని కిందికి దిగుతది, 'ఏ' గీత పైకి లేస్తది. ఆ రెండు గీతలు కోసుకునే జాగ చూస్తే నాకు అన్నం సయించకపోయేది. మన ఊర్ల, మన గల్లీల, ఎవ్వరూ చూడంది నేను చూసిన! ఇది ఎవ్వరికీ చెప్పకుండ ఉండుడెట్ల? మిద్దెక్కి దిగుడు, బయటికి పోవుడు, లోపలికొచ్చుడు. నాలికె మీద మిరపకాయ పెట్టుకున్నట్టుండె నా బతుకు.

గప్పుడే వంటావార్పు వచ్చింది. సమ్మెల అది మామూలే. రోడ్డు నడిమిట్ల రాళ్లు పెట్టి పొయ్యిలు ముట్టిచ్చి, గల్లీ గల్లీ ఒక్కకాడ వండుకొని అక్కడ్నే కూసొని తినుడు, బండ్లు యాడివి ఆడ్నే ఆగుడు. ఆనాడు కరీంనగర్ రోడ్డు మీద మా గల్లీకి వంకాయ కూర, పప్పు అప్పజెప్పిన్రు. మా గల్లీల ముస్లిం కుటుంబాల ఆడోళ్లు గూడ దేగిశలు పట్టుకొని వచ్చిన్రు. మా ఎదురింటి ఖాలా ఉల్లిగడ్డలు కోసుకుంట నవ్వులాడుతుండె. డప్పులు, జెండాలు, పొగ. మంచి కోలాహలం. నేను గరిటె పట్టుకొని పప్పు కలుపుతున్న.

వదిన వచ్చి కూసొని కత్తిపీట ముందుకు జరుపుకుంది. రెండు వంకాయలు కోసిందో లేదో, పెద్దమ్మ ఉరికొచ్చి పళ్లెం గుంజుకుంది.

"నువ్వు ముట్టకు. ఊరందరు తినేది."

ఆడోళ్లందరు చేతులు ఆపి చూసిన్రు. వదిన తలకాయ దించుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పెద్దమ్మా, ఎన్నిసార్లు చెప్పాలె నీకు? అది వంకాయతోని రాదు, కంచంతోని రాదు!"

"నీకు సదువుంది తల్లీ, మాకు లేదు" అంది ఆమె నడుముల మీద చేతులు పెట్టుకొని. "రాకుంటె నా కొడుక్కెట్లొచ్చె? ఇదే గదా తెచ్చింది?"

అక్కడ ఆగుండాలె నేను. ఇది వాళ్లింటి ముచ్చట, ఇక్కడ కాదు అని చెప్పి వదిన చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోతే అయిపోవు. ఆగలే. నా దగ్గర గెలిచే మాట ఒకటుందని నా పాణం గుంజుతుండె.

"ఆమె తేలే! అన్నకున్నది వేరే, ఆమెకున్నది వేరే. ఆమె రక్తంల రెండు జాతులు కలిసున్నయి. నేను నా కండ్లతోని చూసిన!"

గరిటె పైకి లేపి మరీ చెప్పిన. వదినను గెలిపిచ్చిన అనుకున్న. దేవుడా, నిజంగనే అట్లనుకున్న!

పెద్దమ్మ గుంజుకున్న పళ్లెం కింద పెట్టింది. తర్వాత మెల్లగ, అందరికి వినవడేటట్టు అంది.

"రెండు జాతులా? ఒకటి నా కొడుకుది. మరి రెండోది ఎవ్వనిది?"

గరిటె దించేసిన. "అట్ల కాదు పెద్దమ్మా, అది సూదితోని రావొచ్చు, రక్తం ఎక్కిస్తే రావొచ్చు, చిన్నప్పుడు..." అనుకుంట మొదలుపెట్టిన. అదే యాళకు కాలేజీ పిల్లల ర్యాలీ వచ్చింది. డప్పుల మోతల నా మాట నాకే వినవడలే. విస్తర్లు వేసేటాళ్లకు నేను చెప్పిన మాట భోజనాల బంతి ఆ కొసకు పోయి తిరిగొచ్చింది. వదిన కత్తిపీట పక్కకు పెట్టి, చీర కొంగుతోని చేతులు తుడుసుకొని, ఎవ్వరి ముఖం చూడకుండ లేచి ఇంటి దిక్కు నడిచింది. అన్న నీళ్ల క్యాను పట్టుకొని నిలవడ్డడు. ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

రెండు దినాలకు ధూళిమిట్ట నుంచి ఆమె తమ్ముడు బండి మీద వచ్చి తోలుకపోయిండు. "కాన్పుకు పోయింది" అని పెద్దమ్మ చెప్పింది. నాలుగో నెలల కాన్పేంది అని గల్లీ అంత ముసిముసి నవ్వులు.

బాపుకు శిబిరంల తెలిసింది. ఇంటికొచ్చి చెప్పులు ఇడువకుండనే నా ముందల నిలవడ్డడు. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి ఆనాడు ఆడలే.

"ఆ పిల్ల నీకు రక్తం ఇచ్చిందా, చాటింపు వెయ్యమని చెప్పిందా?"

"బాపు, నేను ఆమె మంచికే..."

"నడు నోరు మూసుకొని. ముప్పై ఏండ్లు బస్సుల తిరిగిన. ఎవ్వరు ఎవ్వరితోని ఎక్కిన్రు, ఎవ్వరు ఏ ఊర్ల ఏడుసుకుంట దిగిన్రు, అన్ని చూసిన. మీ అవ్వకు గూడ ఒక్కటి చెప్పలే. అడుగు ఆమెను."

అవ్వ వంటింట్ల నుంచి తలకాయ ఊపింది. నేను మిద్దె మీదికి పోయి ఏడ్చిన. ఏడ్చినా ఆరాటం తగ్గలే. ఆ ల్యాబు తాళం తీస్తే రెండోసారి చేసి చూడాలె, ముందు అది తేలాలె. బస్సుల్లేవు. పోతే ల్యాబు లేదు. బాపు కండ్ల పడకుండ ఆయన వచ్చే యాళకు నేను బయటికి, నేను వచ్చే యాళకు ఆయన బయటికి.

ఒకనాడు పక్క గల్లీల పిల్లగాని స్కూటీ అడుక్కొని ధూళిమిట్టకు పోయిన. వదిన వాళ్లమ్మ వాకిట్ల మక్కజొన్న ఎండవోస్తుండె. నన్ను చూసి లోపలికి పోయింది, మల్ల బయటికొచ్చింది. "నిద్రపోతుంది బిడ్డా" అంది. కిటికీల వదిన గాజుల చెయ్యి కనవడింది. కొద్దిసేపు నిలవడ్డ. నీళ్లు తాగుతవా అని గూడ అడగలే. స్కూటీ తిప్పుకొని వచ్చిన.

సమ్మె ఆపినంక మొదటి బస్సు పట్టుకొని హైదరాబాదు పోయిన. ల్యాబుల అడుగు పెట్టి ముందుగాల నా నోటుబుక్కు తెరిచిన. వదిన శాంపిల్ నడిపిన దినం పేజీల నా రాతే ఉంది: నడుమ కరెంటు పోయింది, జనరేటర్ వచ్చినంక అదే ట్యూబులతోని ముందుకు నడిపిన. దాని పక్కన టిక్కు. నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. ఆ మిషన్ వైరస్ అక్షరాలను నకలు తీసి పెంచుతది. నడిమిట్ల ఆగితే సగం నకళ్లు మిగులుతయి. ఆ సగం నకలు మల్ల మొదలైనప్పుడు పక్కనున్న ఇంకో జాతి పోగును పట్టుకొని దాని ఎంబడి పోతది. ఇంకో జాతి యాడికెళ్లి వచ్చింది? ఆ వరుసల్నే 'ఏ' అనే జాతి రక్తం, సరిచూసుకునేతందుకు పెట్టుకున్నది ఉండె. నా చేతిల నుంచి ఒక్క చుక్క, చుక్కల సగం చుక్క పడ్డా చాలు.

దాచిపెట్టిన రక్తం నుంచి కొత్తగ మూడుసార్లు చేసిన. మూడుసార్లు గూడ సాఫ్ డి. అన్న అక్షరాల పక్కన పెడ్తే మూడువేలల్ల రెండంటె రెండే తేడా. రీకాంబినెంట్ లేదు, పాడు లేదు. వదిన రక్తంల రెండోది లేనే లేదు. దాన్ని పుట్టిచ్చింది నేను, నా ట్యూబుల.

సార్‌కు అంతా చెప్పిన, రోడ్డు మీద అన్న మాటతోని సహా. తిడ్తడనుకున్న. తిడ్తే బాగుండు. "పేపర్ పోతే పోనియ్యి. ఆ పిల్ల సంగతేం చేస్తవ్?" అన్నడు గంతే.

ఏం చెయ్యాలె? రోడ్డు మీద చెప్పిన మాట రోడ్డు మీదనే ఎనుకకు తీసుకోవాలె. ఆ రోడ్డు మీద ఇప్పుడు లారీలు తిరుగుతున్నయి. ఆ బంతి మల్ల యాడ కూసుంటది? అందుకే ధూళిమిట్టకు ఫోన్ చేసి వదిన వాళ్లమ్మకు చెప్పి, మా గల్లీల ఇల్లిల్లు తిరిగిన. ఎదురింటి ఖాలా కాడికి పోయి, "ఖాలా, ఆనాడు నేను చెప్పింది తప్పు, మిషన్ కాడ నేనే గడబిడ చేసిన, వాళ్లిద్దరిది ఒక్కటే" అన్న. ఆమె చాయ పోసిచ్చి, "మొన్న రెండంటివి, నేడు ఒకటంటున్నవ్, రేపు ఏమంటవ్ బేటీ?" అంది. పాపం, మంచిగనే అడిగింది. ఇంకో ఇంట్ల, "మాకెందుకమ్మా ఇంకొకరి ముచ్చట" అన్నరు. ముచ్చట చెప్పిన్నాడు చెవులు నిక్కబొడుచుకొని విన్నోళ్లే!

ఆఖరుకు పెద్దమ్మ ఇంటికి పోయిన. చెప్పిన. ఆమె చాటల బియ్యం చెరుగుకుంట విన్నది.

"ఇద్దరిది ఒక్కటే అయితే, ఆమె నుంచి నా కొడుక్కొచ్చినట్టే గదా. నేను ముందే అన్న."

"ఎవరి నుంచి ఎవరికి పోయిందో అక్షరాలు చెప్పవు పెద్దమ్మా."

"అది చెప్పకుంటె మరేం సదువు?"

ఒక సంగతి మనసుల తొలుస్తుండె. పెద్దగైనంక ఈ వైరస్ సోకితే ఎక్కువమంది ఒంటి నుంచి అదే పోతది. ఏండ్లకేండ్లు కూసుండేది పుట్టంగ సోకినోళ్లల్లనే ఎక్కువ. అన్నకు స్కానింగ్ చేసిన డాక్టరు ఇది పాతది, శానా ఏండ్లదని చెప్పిండు. పెండ్లయ్యి ఏడాదే. "ఇంట్ల అందరు చూపెట్టుకోవాలె పెద్దమ్మా, లేనోళ్లకు టీకా వేస్తరు" అన్న. నిజమే అది. నా మనసుల ఇంకోటుంది, అదీ నిజమే.

"నాకేం రోగం? తీస్కో" అని చెయ్యి చాపింది.

పదిహేను దినాలకు ఆమె రిజల్టు నా చేతికొచ్చింది. ఉంది. డి. కొడుకు అక్షరాలకు అంటుకొనే ఉంది. సార్ కాగితం చూసి, "కాన్పుల తల్లి నుంచి వచ్చుంటది. నూటికి నూరు అని ఎవ్వరం చెప్పలేం, గాని దీన్ని చూస్తే ఇంకోటి అనిపిస్తలేదు" అన్నడు.

ఆ కాగితం సంచిల పెట్టుకొని సిద్దిపేట బస్సు ఎక్కినప్పుడు నాకు ఒకటే ఆత్రం. గల్లీ మొదట్ల నిలవడి అరవాలె. వినుండ్రి, ఆ పిల్ల తేలే, ఈ ముసలామె నుంచే వచ్చింది, వినుండ్రి! బస్సు ఆగాగి పోతుంటే కిటికీ కడ్డీ పట్టుకొని కూసున్న. బాపు ఆనాడు నిలవడ్డ తీరు యాదికొచ్చింది. దిగి సీదా పెద్దమ్మ ఇంటికి పోయిన. పగటీలి యాళ. అన్న దుకాణంల ఉన్నడు. వంటింట్ల ఆమె ఒక్కతే. తలుపు దగ్గరకేసి చెప్పిన.

ఆమె పొయ్యి మీది గిన్నె దించింది.

"నాకెన్నడూ జెరం గూడ రాలే."

"రాకున్నా ఉంటది పెద్దమ్మా. నీకెట్లొచ్చిందో నీకు గూడ తెల్వది. ఇది నీ తప్పు కాదు."

"పాలతోని ఇచ్చిన్నా వానికి?"

"పాలతోని కాదు. పుట్టంగ."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె ఏడువంగ చూసుడు అదే మొదలు. పెద్దాయన పోయిన్నాడు గూడ ఏడువలే. నాకు ఆమె మీద ఉన్న కోపమంత యాడికి పోయిందో పోయింది. కొంచెంసేపటికి ముఖం తుడుసుకొని నా చెయ్యి గట్టిగ పట్టుకుంది.

"ఎవ్వరికి చెప్పినవ్?"

"ఎవ్వరికీ చెప్పలే."

"నా కొడుక్కు తెల్వద్దు. కోడలికి తెల్వద్దు. నా మీద ఒట్టు."

"మరి వదిన?"

"నేను పోయి తెచ్చుకుంట."

ఒట్టు వేసిన. ఇంకేం చెయ్యాలె? అది ఆమె రక్తం, ఆమె రిజల్టు. ఒకసారి ఇంకొకరిది రోడ్డు మీద పెట్టి చూసిన.

పెద్దమ్మ అన్నట్టే చేసింది. చీర, పూలు, మిఠాయిలు పట్టుకొని ధూళిమిట్టకు పోయి, తల్లిగారింటోళ్ల ముందల "నా ఇంటి కోడలు నా ఇంట్లనే ఉండాలె" అని వదినను తోలుకొచ్చింది. ఏడో నెలల శ్రీమంతం తన ఇంట్లనే చేసి గల్లీనంత పిలిచింది. వదిన చేతి నిండ గాజులు, పక్కన కూసొని తన కంచంల నుంచి ఆమెకు బొబ్బట్టు తినిపిచ్చింది పెద్దమ్మ. ఆడోళ్లు ఒకటే మెచ్చుకునుడు. అంత జరిగినా కోడల్ని కడుపుల పెట్టుకుంది, ఎంత పెద్ద మనసు, అని. నేను ఓ మూలకు కూసొని పెదవి కొరుక్కుంటున్న. క్షమించినట్టు చేస్తుందేందిరా, అసలు మన్నించాల్సింది ఎవ్వరు ఎవ్వర్ని? వదిన వంగి ఆమె కాళ్లు మొక్కింది.

గంధం పూసుడు కాంగనే వదిన నా దిక్కు చూసి, "చూసినవా అక్కా, నువ్వు అన్ని మాటలన్నా అత్తమ్మ నన్ను ఇడువలే" అంది. నవ్వుకుంటనే అంది. ఇప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోలే.

"అవునే" అన్న.

కాన్పు సిద్దిపేట దవాఖానలనే అయ్యింది. పొద్దుగాల పదింటికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన బిడ్డకు వెంటనే టీకా పడాలె, దాంతోపాటు ఇంకో సూది గూడ పడాలె. అది మందుల దుకాణంల దొరుకుతదో లేదోనని వారం ముందే తెప్పిచ్చి ఐసు డబ్బాల పెట్టుకొని నేను అక్కడ్నే తచ్చాడుతున్న. కూసుంటే ఒట్టు. నర్సమ్మ చేతికి ఇచ్చి, రెండు సూదులు పడ్డదాంక బిడ్డ తొడ దిక్కే చూసిన.

వార్డుల వదిన, అన్న, పెద్దమ్మ, నేను. పక్క మంచాలోళ్లు గూడ ఉన్నరు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పెద్దమ్మ నర్సమ్మను అడిగింది.

"గీ సూది ఏస్తే బిడ్డకు ఆ రోగం రాదా అమ్మా?"

"తల్లికున్నా బిడ్డకు రాకుండ ఆపుతదమ్మా. పుట్టంగనే వెయ్యాలె."

పెద్దమ్మ బిడ్డను రెండు చేతులల్లకు తీస్కుంది. తలకాయ ఎత్తి కొడుకు దిక్కు చూసింది.

"నువ్వు పుట్టిన్నాడు నాకు గీ సూది ఎవ్వరూ చెప్పలే కొడుకా. ఏసుంటే నా రోగం నీకు రాకపోవు."

గొంతు తగ్గియ్యలే. పక్క మంచం మీది ఆమె గూడ తిరిగి చూసింది. అన్నకు కొంచెంసేపు సమజ్ కాలే. తర్వాత గోడకు ఆనుకున్నడు. వదిన మాత్రం వెంటనే పట్టుకుంది. అత్తను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అక్కా, నీకు ఎరుకేనా ఇది?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"శ్రీమంతం కన్న ముందటిసంది."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "రోడ్డు మీద అంతమందిల గంత గట్టిగ చెప్పినవ్. గిదొక్కటి నా చెవుల చెప్తే ఏం పోతుండె అక్కా? ఆమె కాళ్లు మొక్కిన నేను."

పెద్దమ్మ నా దిక్కు చూసింది. ఒట్టు పెట్టిచ్చుకున్న ముచ్చట ఆమెనే చెప్తదేమోనని ఆగిన. ఆమె చెప్పలే. నేను గూడ చెప్పలే. వదిన బిడ్డను అందుకొని, అటు తిరిగి పాలియ్యవట్టింది.